నీడలు దిద్దే పెన్సిలు

ఫొటో చేతికి రాగానే మనం మొట్టమొదట వెతుక్కునేది మన ముఖాన్నే. పెళ్ళి గ్రూపు ఫొటోలోనైనా సరే, వధూవరులను చూడడం తరువాతి సంగతి. ముందు మనం ఎలా పడ్డామో చూసుకుంటాం. చూడగానే కళ్ళ కింద నలుపు, ముక్కు పక్కన గీతలా దిగిన నీడ, గడ్డం కింద మసి కనిపిస్తాయి. “నేను నిజంగా ఇలా వుంటానా?” అని అద్దం దగ్గరికి వెళ్ళి చూసుకోని వారు అరుదు. అద్దంలో ఆ నీడలు అంతగా కనిపించవు. మరి ఫొటోలోకి ఎక్కడినుంచి వచ్చాయి? వాటిని తీసివేయవచ్చునా? తీసివేయవచ్చు. కాని, ఎంతవరకు తీసివేయాలన్నదే చిక్కు ప్రశ్న.

మన కన్ను చాలా ఉదారమైనది. వెలుతురు పడిన చెంప మీదినుంచి కంటిగుంట నీడలోకి చూపు జారేసరికి అది తనంతట తాను సర్దుకుంటుంది. ప్లేటుకు గాని, ఫిలిముకు గాని అంత వెసులుబాటు లేదు. చెంప సరిగా పడాలంటే నీడ నల్లబడుతుంది. నీడలోది కనబడాలంటే చెంప సున్నం కొట్టినట్లవుతుంది. మిట్టమధ్యాహ్నం ఆరుబయట నిలబెట్టి తీశారో, ఇక చెప్పనక్కరలేదు. నడినెత్తి సూర్యుడు కనుబొమలను చూరులుగా చేసి కళ్ళను చీకటిగదులుగా మారుస్తాడు. ముక్కు నీడ పైపెదవి మీద వాలి, ఆడవాళ్ళకు సైతం మీసాలు మొలిపిస్తుంది.

తొలినాటి ప్లేట్లకు ఇంకొక జబ్బు కూడా వుండేది. అవి నీలికాంతిని బాగా పట్టేవి గాని, ఎరుపును బొత్తిగా గుర్తించేవి కావు. అందువల్ల ముఖం మీది ఎర్రని మచ్చలు నల్లమచ్చలయ్యేవి. మన గోధుమవన్నె ముఖాలూ, చామనఛాయ ముఖాలూ వున్నదానికంటె నల్లగా పడేవి. 1873లో బెర్లినులో హెర్మన్ ఫోగెల్ అనే ఆచార్యుడు, కొన్ని రంగుమందులు కలిపితే ప్లేటు ఆకుపచ్చను కూడా చూడగలదని కనుగొన్నాడు. ఎరుపును సైతం చూడగల పాంక్రోమాటిక్ ప్లేట్లు 1906లో ఇంగ్లండులో అమ్మకానికి వచ్చాయి. మన సికిందరాబాదులో రాజా దీన్ దయాళ్ స్టూడియో వెలసిన 1880లలో సామాన్యంగా వాడుకలో వున్నవి నీలికాంతి ప్లేట్లే. కనుక ఆ రోజుల్లో ఫొటోను దిద్దడమంటే కేవలం సోకు కాదు. ప్లేటు చేసిన అన్యాయాన్ని సరిదిద్దడం కూడా.

ఈ విద్య లోకానికి ఎలా వెల్లడి అయిందో చెప్పే ముచ్చట ఒకటున్నది. 1855లో పారిస్ మహాప్రదర్శనలో మ్యూనిక్ నగరానికి చెందిన ఫ్రాంజ్ హాన్ఫ్‌స్టెంగ్ల్ ఒకే మనిషి ఫొటోను రెండు ప్రతులుగా పెట్టాడట. ఒకటి ఉన్నదున్నట్లు తీసినది, రెండవది నెగటివును దిద్ది తీసినది. చూసినవాళ్ళు ముక్కున వేలేసుకున్నారట. అప్పటినుంచీ దిద్దని ఫొటోను మెచ్చేవారు తగ్గిపోయారు.

దిద్దడంలో తమాషా ఏమిటంటే, నెగటివులో అంతా తలకిందులు. ముఖం మీద నల్లని నీడ వున్నచోట నెగటివ్ తేటగా, అద్దంలాగ వుంటుంది. దాని గుండా వెలుతురు ధారాళంగా పోయి కాగితాన్ని నల్లబరుస్తుంది. అక్కడ పెన్సిలుతో కాస్త నలుపు పూస్తే వెలుతురు కొంత ఆగుతుంది. కాగితం మీద నీడ పలచబడుతుంది. అంటే ముఖాన్ని తెల్లబరచడానికి నల్లపెన్సిలే సాధనమన్నమాట!

అందుకు ప్రత్యేకంగా ఒక ఏటవాలు బల్ల వుండేది. మధ్యలో గరుకుటద్దం బిగించిన కిటికీ, దాని అడుగున వెలుతురును పైకి తిప్పే అద్దం. ఆ కిటికీ మీద నెగటివును పెట్టి, పెన్సిలు నిలవడానికి గుగ్గిలం వంటి బంకను టర్పెంటైనులో కరిగించి పలచగా రుద్దేవారు. గట్టి పెన్సిలును గరుకుకాగితం మీద అరగదీసి, ములుకును సూదిలాగ పొడుగ్గా చేసేవారు. ఇక గీతలు గీయకూడదు. కామాలవంటి గుర్తులు, ఆవగింజంత సున్నలు, చుక్కలు మాత్రమే పెట్టాలి. గీత పడితే ప్రింటు మీద గాటులా కనబడుతుంది. వెడల్పైన నీడలకు పెన్సిలు చాలదు గనుక, న్యూ కాక్సీన్ అనే ఎర్రరంగును నీళ్ళలో బాగా పలచన చేసి కుంచెతో పొర మీద పొర పూసేవారు. బ్రోమైడు కాగితం ఎరుపును చూడదు కాబట్టి, ఆ ఎర్రపూత నలుపుపూత చేసే పనే చేస్తుంది. ఒకప్పుడు ముఖాలను నల్లబరచిన ఎర్రగుడ్డితనమే ఈ విధంగా నీడలను తేల్చడానికి పనికివచ్చింది.

చీకటిగదిలో మరొక ఉపాయం వుండేది. సన్నని తీగ చివర అట్టముక్క అంటించి, ప్రింటు వేసేటప్పుడు నీడ పడిన భాగానికి అడ్డుపెట్టి ఆడిస్తూ వుంటారు. అక్కడ వెలుతురు తక్కువ తగిలి నీడ తేలికపడుతుంది. ఆడించడం మానితే అట్ట అంచు కాస్తా ముఖం మీద అచ్చుపడుతుంది!

ఇంత నేర్పు వున్న చేతికి హద్దు కూడా తెలియాలి. బుగ్గ గుండ్రన, ముక్కు నిక్కు, దవడ వంపు — వీటిని మనకు చెప్పేది నీడే. చదునైన కాగితం మీద ముఖానికి లోతు తెచ్చేది అదొక్కటే. నీడలన్నీ తుడిచేస్తే మిగిలేది కళ్ళు, నోరు గీసిన కోడిగుడ్డు.

నీడను తీయమని అడిగిన నోటితోనే “రంగు కూడా కాస్త తేల్చండి” అని అడగడం మన ఇళ్ళలో కద్దు. పెళ్ళిసంబంధాలకు పంపే ఫొటోల విషయంలో ఇది మరీ ఎక్కువ. చామనఛాయ పిల్ల ఫొటోలో దొరసానిలా తయారవుతుంది. పెళ్ళిచూపులనాడు వచ్చినవారు పిల్లను చూసి, ఫొటోను తలచుకుని, మొహమొహాలు చూసుకుంటారు. ఆ చూపు ఎంత నొప్పో ఆ పిల్లకే తెలియాలి. నిజానికి ఆమెలో లోపమేమీ లేదు. లోపం ఆ దిద్దుబాటులో వున్నది. ఆమె ముఖం చాలదని మొదట చెప్పింది ఆమె ఇంటివారే కదా!

తెలుగువాళ్ళం మనం ఫొటోను ‘ఛాయాచిత్రం’ అన్నాం. అమరకోశం ‘ఛాయ’ అన్న మాటకు సూర్యుని భార్య, కాంతి, ప్రతిబింబం, ఎండలేమి అని నాలుగు అర్థాలు చెప్పింది. మనం ఒంటిరంగును కూడా ఛాయ అంటాం. నీడా, వెలుగూ, రూపమూ, రంగూ ఒక్క మాటలోనే ఇమిడివున్నాయి. సూర్యుని వేడికి తాళలేక వెళ్ళిపోయిన సంజ్ఞ, అచ్చం తన రూపుతో ఇంట్లో వుంచిపోయినది ఈ ఛాయనే. ఎంత అచ్చంగా వున్నా ఆమె సంజ్ఞ కాదని చివరకు బయటపడనే పడింది. మితిమీరి దిద్దిన ఫొటో సంగతీ అంతే.

కనుక నీడలను రెండు తెగలుగా చూడడం మేలు. ఆ నిమిషానికి చెందిన నీడ ఒకటి: చెట్టుకొమ్మ నీడ, టోపీ నీడ, మధ్యాహ్నపుటెండ నీడ. మనిషికి చెందిన నీడ మరొకటి: కంటిలోతు, బుగ్గసొట్ట, నుదుటి ముడత. మొదటిదాన్ని దిద్దవచ్చు, రెండవదాని జోలికి పోరాదు. మొదటిదాన్నైనా తుడిచేయడం కంటె సగానికి సగం పలచబరచడమే మంచిది.

పెన్సిలు పట్టే చేతులు ఇప్పుడు అరుదు. 1990లో ఫొటోషాప్ వచ్చినప్పటినుంచీ ఆ పని కంప్యూటరుకు మారింది. చీకటిగదిలోని అట్టముక్క కూడా అందులో ఒక చిన్న బొమ్మగా చేరింది. ఈనాటి ఫోన్లలో చాలామట్టుకు మనం అడగకముందే ముఖాన్ని నునుపు చేస్తున్నాయి. ఇంకొక చిక్కు కూడా వున్నది. పాత ఫొటోలో బొత్తిగా నల్లబడిన చోట అసలు ఏమీ నమోదై వుండదు. అక్కడ కృత్రిమమేధ కన్ను గీసి చూపిస్తే, అది వేలకొద్దీ ముఖాలు చూసి ఊహించిన కన్నేగాని, మన నాయనమ్మది కాదు.

ఇంట్లో పాత ఫొటోలు దిద్దించదలచినవారికి నాలుగు మాటలు. అసలు ప్రతి మీద చెయ్యి వేయనీయకండి. స్కాను తీయించి, దిద్దుబాటు ఆ నకలు మీదనే చేయించండి. రంగు ఫొటోలో ఆరుబయటి నీడ ఆకాశపు నీలం కలిసి వుంటుంది గనుక, ఊరికే తెల్లబరిస్తే ముఖం బూడిదవన్నెకు తిరుగుతుంది. కాస్త వెచ్చని రంగు కూడా కలపాలి. దిద్దిన తరువాత బారెడు దూరం నుంచి చూడండి. దిద్దినట్లు తెలుస్తూ వుంటే ఎక్కువైందన్నమాటే. దిద్దని ప్రతిని కూడా దాచండి.

అసలు నీడ పడకుండా తీసుకోవడం మరీ తేలిక. ఎండ నేరుగా తగలని వసారాలో, ముఖం వాకిలివైపు తిప్పి కూర్చోబెట్టండి. ఒళ్ళో ఒక తెల్లపంచె పరిస్తే కింది నుంచి వెలుతురు తిరిగివచ్చి కంటిగుంటలు తేటపడతాయి.

గోడ మీది ఫొటోలోని మనిషి లేకుండా పోయిన తరువాత, మనుమలకు ఆ ముఖం మీది నీడలే గుర్తులు. “నా ముక్కు తాతగారి ముక్కేనా?” అని ఏ మనుమరాలో ఆ ఫొటో ముందు నిలబడి అడిగినప్పుడు, చూపించడానికి ఆ ముక్కూ, దాని నీడా రెండూ అక్కడ వుండాలి.