పిల్లలకు మూరెడు పూలు

మన బడుల వార్షికోత్సవాల్లో ఒక చోద్యం చూసే ఉంటారు. పూలదండ ముఖ్య అతిథిగారి మెడలో పడుతుంది. దాన్ని పళ్లెంలో పెట్టుకొని వేదిక ఎక్కేది మాత్రం తరగతిలో మొదట వచ్చిన పిల్ల! ఆ పిల్లకు దక్కేది ఒక స్టీలు గ్లాసు.

గుత్తి ప్రాంతంలో పూవంటే నీరే. అనంతపురం సీమలో ఏడాదికి సగటున కురిసేది సుమారు 550 మిల్లీమీటర్లు. మన కోట కట్టినవారు అంత కొండమీదా బావులు తవ్వించారంటే ఊరికే కాదు గదా! బావిలో ఊట ఉంటేనే పూలమడి. కాబట్టి మూరెడు పూలు ఇక్కడ చిన్న కానుక కాదు. (మూరంటే అమ్మే ఆమె మోచేతినుంచి వేలికొస దాకా, పొడుగు చేతులామె దగ్గర కొనడం మేలు.)

మల్లెలు మర్నాటికే వాడిపోతాయి. కనకాంబరానికి వాసన లేదుగాని తొందరగా వాడదు, బరువూ ఉండదు. మరువం కలిపి కడితే వాసన లోటు తీరుతుంది. చిన్నపిల్లల జడకు అదే తగినది. మగపిల్లలు సిగ్గుపడతారంటారా? నెహ్రూగారు కోటుకు రోజా పెట్టుకోలేదూ? నవంబరు 14న ఒక్క రోజా ఇచ్చి చూడండి.

అయితే మొదటి ర్యాంకుకేనా పూలు? కోస్తాలో భోగినాడు రేగుపండ్లతోబాటు పూరేకులు పసివాళ్ల తలమీద పోస్తారు; మార్కులెన్నని ఎవరూ అడగరు. అమ్మానాన్నలతో బెంగుళూరు వలసపోయి, తిరిగొచ్చి, 35 మార్కులతో గట్టెక్కిన పిల్లవాడిది ఘనత కాదా?

ఎప్పుడైనా ఒక ఏడు ఆ పళ్లెం అతిథిగారే మోసుకొస్తే చూడాలని ఉంది.