300 క్వెరీలు, 20 మిల్లీసెకన్లు

హైదరాబాద్‌లో ఒక ఆఫీసు. డేటాబేస్‌ని ముంబై డేటా సెంటర్‌కి మార్చారు, అప్లికేషన్ మాత్రం ఇక్కడే ఉందనుకుందాం. సోమవారం పొద్దున్నే కౌంటర్ దగ్గర గొడవ. అర సెకనులో తెరుచుకునే కస్టమర్ స్క్రీన్‌కి 6 సెకన్లు దాటుతోంది. బ్రిడ్జ్ కాల్ పెట్టారు. లింకులో 30 శాతం కూడా వాడకం లేదన్నారు నెట్‌వర్క్ వాళ్లు. సీపీయూ 15 శాతమే అన్నారు సర్వర్ వాళ్లు. ఏ క్వెరీకైనా 1 మిల్లీసెకనులో జవాబిస్తున్నామని డేటాబేస్ వాళ్లు, కోడ్‌లో ఒక్క లైనూ ముట్టుకోలేదని డెవలపర్. ‘మా దగ్గర ఇష్యూ లేదు’ అని నలుగురూ చెప్పారు. చిక్కేమిటంటే, నలుగురూ చెప్పింది నిజమే.

ఇప్పుడు లెక్క వేద్దాం. ఫైబర్‌లో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. హైదరాబాద్ నుంచి ముంబైకి ఆకాశమార్గాన 600 కిలోమీటర్ల పైచిలుకు. అంటే రానూపోనూ 6 మిల్లీసెకన్లు ఎవరూ తగ్గించలేరు. కేబుల్ తిన్నగా పోదు, దారిలో రూటర్లూ ఫైర్‌వాల్సూ ఉంటాయి కాబట్టి 20 అనుకోండి. ఆ ఒక్క స్క్రీన్ కోసం అప్లికేషన్ 300 క్వెరీలు పంపుతోంది, అదీ ఒకదాని జవాబు వచ్చాకే ఇంకొకటి. డేటాబేస్ తీసుకునే 1 మిల్లీసెకను కూడా కలిపితే 300 × 21 = 6,300 మిల్లీసెకన్లు. సర్వర్ పక్క గదిలో ఉన్నప్పుడు రాకపోకలకు అర మిల్లీసెకనే, మొత్తం 450. అందుకే ఇన్నాళ్లూ ఎవరి కంటా పడలేదు. లింకుని 100 ఎంబీపీఎస్ నుంచి 500కి పెంచినా ఇక్కడ ఒరిగేదేమీ లేదు. అయినా అన్నిటికన్నా ముందు శాంక్షన్ అయ్యేది ఆ ఖర్చే!

నెట్‌వర్క్ ప్యాకెట్లను పట్టి చూపే వైర్‌షార్క్‌లో టైమ్ కాలమ్ చూస్తే ఇదంతా కళ్లకు కడుతుంది. చిన్న ప్యాకెట్ ఒకటి పోతుంది, 21 మిల్లీసెకన్ల ఖాళీ, జవాబు. మళ్లీ చిన్న ప్యాకెట్, మళ్లీ ఖాళీ. ఆ ఖాళీ దూరానిదని నెట్‌వర్క్ మనిషి చెప్పగలరు. 300 సార్లు ఎందుకు అడగాల్సి వస్తోందో డెవలపర్ చెప్పగలరు. ఇద్దరూ ఒకే క్యాప్చర్ ముందు కూర్చుంటే, క్వెరీలన్నీ కలిపి మూడు చేయొచ్చన్న మాట గంటలో బయటికొస్తుంది.

అందుకే జట్టు. పెద్దది అక్కర్లేదు. నాలుగు విభాగాల నుంచి ఒక్కొక్కరు, పైన ఇంకొకరు. ఈ ఐదో మనిషి ఏ పరికరం మీదా చెయ్యి వేయకూడదు. ఎవరు ఏం చూస్తున్నారో, ఏ నిమిషంలో ఏం మార్చారో రాయడమే పని. ఖర్చు తగ్గించాలంటే ముందు కోత పడేది ఈ పోస్టుకే, నా లెక్కలో మాత్రం ఆఖరున తీయాల్సింది ఇదే. ఐదుగురి మధ్య 10 జతల సంభాషణలుంటాయి. కాల్‌లో 20 మంది చేరితే 190.

రాత్రి డ్యూటీలు కూడా వేయాలంటే ఐదుగురు చాలరు. గూగుల్ ఇంజనీర్లు 2016లో తెచ్చిన ‘సైట్ రిలయబిలిటీ ఇంజనీరింగ్’ పుస్తకం ప్రకారం, ఒకే ఊళ్లో ఉండే జట్టుకి కనీసం 8 మంది కావాలి. వారానికి ఇద్దరు చొప్పున ఆన్‌కాల్ ఉంటే ఒక్కొక్కరి వంతు నాలుగు వారాలకోసారి వస్తుంది. ఒక్కో సమస్య మూలం తేల్చి, సరిచేసి, రిపోర్టు రాసేసరికి సగటున 6 గంటలు పడుతుందని, కాబట్టి 12 గంటల షిఫ్టుకి రెండు మించకూడదని కూడా అందులో ఉంది.

జట్టు చేతికి ముందే అందాల్సినవి కొన్ని ఉన్నాయి. సర్వర్ల గడియారాలన్నీ ఎన్‌టీపీతో కలిసి ఉండాలి. రెండు లాగ్‌ల మధ్య 2 సెకన్ల తేడా ఉంటే 20 మిల్లీసెకన్ల ఖాళీని ఎక్కడని వెతుకుతారు? మామూలు రోజు అంకెలు రాసిపెట్టి ఉండాలి. సగటును మాత్రం నమ్మొద్దు. ఒక్కో సర్వర్ నూటికి ఒక్కసారే నెమ్మదించినా, ఒక పేజీ 100 సర్వర్లను అడిగితే నూటికి 63 సార్లు ఎక్కడో ఒకచోట ఆగుతుంది.

2021 అక్టోబర్ 4న ఫేస్‌బుక్ సుమారు 6 గంటలు ఆగిపోయినప్పుడు, మరమ్మతుకు వాడే సొంత టూల్స్ కూడా ఆ నెట్‌వర్క్‌తోపాటే పడిపోయాయి. ఇంజనీర్లను స్వయంగా డేటా సెంటర్లకు పంపాల్సి వచ్చింది. అందుకని జట్టు ఫోన్ నంబర్లు కాగితం మీద కూడా ఉండాలి, రూటర్ కన్సోల్‌కి వేరే కంపెనీ లైను ఒకటి ఉండాలి.