చూరులో దోపిన తాళపుచెవి

పొలము పనికి పోవునప్పుడు ఇంటికి తాళము వేసి, తాళపుచెవిని చూరులో దోపి పోవు అలవాటు మన పల్లెలలో చాలమందికి కలదు. తాళము గట్టిదే, తలుపు టేకుదే, గడియ ఇనుపదే. అయినను చూరులో చేయి పెట్టి చూడవలెనను ఊహ ఒక్కనికి తట్టినచో ఆ బలమంతయు వ్యర్థము. అంతకంటె చిక్కైన సంగతి మరియొకటి కలదు. వచ్చినవాడు ఏమియు ఎత్తుకొనిపోక, తాళపుచెవి అచ్చును మైనపుముద్దపై తీసికొని, దానిని మరల యథాస్థానమున పెట్టి పోయెననుకొందము. సాయంత్రము ఇల్లు చేరిన యజమానికి ఏ అనుమానమును కలుగదు. సామానులన్నియు ఉన్నచోటనే ఉండును. కాని ఆనాటి నుండి ఆ యింటికి తాళపుచెవులు రెండు.

వెబ్‌సైటుల లోకములో సరిగా ఇట్టి సంఘటనయే 2020 సంవత్సరము ఫిబ్రవరి మాసమున బయటపడినది. దొంగ వచ్చిన త్రోవను మూయుట వేరు, దొంగ చేతికి చిక్కిన తాళపుచెవిని పనికిరాకుండ చేయుట వేరు అను సంగతిని అది తేటగా తెలుపుచున్నది. అందువలననే దానిని గూర్చి నేడు ముచ్చటింపదలచితిమి.

వెబ్‌సైటును ఒక దుకాణముతో పోల్చవచ్చును. వీధిలోనికి కనబడు భాగము ఒకటి. సరకు, లెక్కలు, ఖాతాదారుల వివరములు ఉండు కొట్టుగది మరియొకటి. ఆ కొట్టుగదినే డేటాబేస్ అందురు. ఇట్టి దుకాణమును ఎవరికి వారు పునాది నుండి కట్టుకొన పని లేకుండ, సిద్ధముగా చేతికిచ్చు సాఫ్ట్‌వేర్ వర్డ్‌ప్రెస్. మాట్ ములెన్‌వెగ్, మైక్ లిటిల్ అను ఇరువురు దీనిని 2003లో వెలువరించిరి. నేడు ప్రపంచమందలి వెబ్‌సైటులలో నూటికి 40కి పైగా దీనిపైననే నడచుచున్నవి. పెద్ద సంస్థలు మొదలు చిన్న బడులు, పచ్చళ్ల వ్యాపారములు, సాహితీ సంఘముల వరకు దీనిని వాడుకొనుచున్నవి.

ఇక ప్లగిన్ అనగా నేమి? రేడియో కొన్నవారు తమ యవసరమును బట్టి దానికి బయటి స్పీకరునో, పొడవాటి ఏరియలునో తగిలించుకొందురు. ప్లగిన్ అట్టి తగిలింపు. బొమ్మలు చక్కగా చూపుటకు ఒకటి, డబ్బు చెల్లింపునకు ఒకటి, ఉత్తరముల కొరకు ఒకటి, ఈ విధముగా వర్డ్‌ప్రెస్‌కు వేలకొలది ప్లగిన్లు కలవు. వీనిని వ్రాసినవారు వేర్వేరు వ్యక్తులు, వేర్వేరు సంస్థలు. అయితే స్పీకరు రేడియో వెలుపలనే ఉండును గాని, ప్లగిన్ అట్లుండదు. అది ఇంటిలోనికి వచ్చిన పనివాని వంటిది. ఇంటిలో ఏ గదిలోనికైనను పోవుటకు దానికి సాధారణముగా అనుమతి యుండును. పనివాడు దుర్మార్గుడు కానక్కరలేదు, అమాయకుడైనను ప్రమాదమే.

2020లో వార్తకెక్కిన ప్లగిన్ పేరు డూప్లికేటర్. ఒక వెబ్‌సైటును ఉన్నదున్నట్లు మూటగట్టి మరియొక చోటికి తరలించుట దాని పని. నాటికే 10 లక్షలకు పైగా సైటులలో అది నెలకొనియున్నది. యజమాని మూట సిద్ధమైన పిమ్మట ఒక బొత్తామును నొక్కును. "ఫలానా పేరుగల దస్త్రమును ఇమ్ము" అను అభ్యర్థన ప్లగిన్‌కు చేరును. అది తన అరలో నుండి ఆ దస్త్రమును తీసి యిచ్చును.

లోపము ఈ యిచ్చుటలోనే యున్నది. మొదటిది, అడుగుచున్నవాడు యజమానియా, దారిన పోవు దానయ్యా అని ప్లగిన్ విచారింపలేదు. సైటులోనికి ప్రవేశము లేని అపరిచితుడు అడిగినను పలికెడిది. రెండవది, అడిగిన దస్త్రము తన అరలోనిదేనా అని చూడలేదు. కంప్యూటరు భాషలో రెండు చుక్కలు పెట్టి, ప్రక్కన ఒక వాలుగీత గీసినచో "ఒక మెట్టు పైకి పొమ్ము" అని యర్థము. దస్త్రము పేరునకు ముందు ఈ గుర్తును ఒకటి రెండు సారులు చేర్చి అడిగినచో ప్లగిన్ తన అరను దాటి, పై గదులలోనికి పోయి, అడిగిన కాగితమును తెచ్చి యిచ్చెడిది. తాళము పగులగొట్ట పనిలేదు, గోడకు కన్నము వేయ పనిలేదు. మర్యాదగా అడిగిన చాలును.

దొంగలు అడిగిన కాగితము సైటు అమరికల దస్త్రము. వర్డ్‌ప్రెస్‌లో దానికి డబ్ల్యూపీ-కాన్ఫిగ్ అని పేరు. కొట్టుగది పేరు, అందులో ప్రవేశించుటకు వలయు వాడుకరి పేరు, పాస్‌వర్డు అందులో ఉండును. వానితోబాటు ఎనిమిది రహస్య సంకేతములును ఉండును. లోనికి వచ్చినవాడు నిజమైనవాడే యని తెలుపు ముద్రలు వీని ఆధారముననే తయారగును.

అంతటి రహస్యమును తేటతెల్లముగా వ్రాసి యుంచుట ఏల అని శ్రోతలు అడుగవచ్చును. మంచి ప్రశ్నయే. మనబోటి వాడుకరుల పాస్‌వర్డులను వర్డ్‌ప్రెస్ ఉన్నదున్నట్లు దాచదు. బియ్యమును విసరి పిండి చేయవచ్చును గాని, పిండిని మరల బియ్యము చేయుట ఎవరి తరము? అదేవిధముగా పాస్‌వర్డును విసరి, పిండిని మాత్రమే భద్రపరచును. మనము మరల వచ్చినప్పుడు మనమిచ్చిన మాటను మరల విసరి, రెండు పిండులు ఒకటియేనా యని చూచును. కాని కొట్టుగది పాస్‌వర్డు విషయమున ఈ ఉపాయము చెల్లదు. సైటు తానే క్షణక్షణము కొట్టుగది తలుపు తట్టి ఆ మాటను చెప్పవలసియున్నది. చెప్పవలసిన మాటను పిండి చేసిన ఎట్లు? కావున అది అచ్చముగా ఒక దస్త్రములో ఉండక తప్పదు. అది ఇంటిలోపల ఉండియు, బయటివాని చేతికి అందనంతవరకే క్షేమము.

ప్లగిన్ నిర్మాతలు 2020 ఫిబ్రవరి 12వ తేదీన 1.3.28 అను దిద్దిన కూర్పును విడుదల చేసిరి. వర్డ్‌ఫెన్స్ అను రక్షణ సంస్థ కొలది దినములకే తన పరిశీలనను ప్రకటించినది. ఈ త్రోవన రహస్య దస్త్రమును లాగుకొనుటకు 60 వేలకు పైగా ప్రయత్నములు జరిగినట్లును, అందులో సుమారు 50 వేలు దిద్దుబాటు వెలువడుటకు ముందే జరిగినట్లును ఆ సంస్థ తెలిపినది. ఇవి ఆ సంస్థ కంటబడినవి మాత్రమే.

ఈ లెక్కయందే అసలు విషయమున్నది. కొత్త కూర్పును వేసికొన్న యజమాని "అమ్మయ్య, తలుపు మూసితిని" అని నిశ్చింతగా నుండెననుకొందము. తలుపు మూసినమాట నిజమే. కాని అంతకు మునుపే దస్త్రము పోయియున్నచో, పాస్‌వర్డు దొంగ జేబులోనే యున్నది. కొట్టుగది దూరమునుండి వచ్చువారిని అనుమతించునదైనచో వాడు సరాసరి ప్రవేశించి తన పేర ఒక అధికారిని సృష్టించుకొనగలడు. అట్లు అనుమతింపనిదైనను పూర్తిగా క్షేమము కాదు. ఒకే సర్వరుపై పలువురి సైటులను ఉంచు చోట, ప్రక్కవాటాలో అద్దెకు దిగినవానికి సందు దొరకవచ్చును. కావున కొత్త కూర్పుతోబాటు కొట్టుగది పాస్‌వర్డును, ఎనిమిది సంకేతములను మార్చినగాని పని పూర్తికాదు. తాళపుచెవిని చూరులోనుండి తీసినంత మాత్రమున చాలదు, తాళమునే మార్చవలెను.

కంచెయే చేను మేసిన ఉదాహరణయు కలదు. ఆల్-ఇన్-వన్ సెక్యూరిటీ అను ప్లగిన్ వెబ్‌సైటును కాపాడుటకే పుట్టినది. అదియును 10 లక్షలకు పైగా సైటులలో ఉన్నది. 2023లో వచ్చిన దాని 5.1.9వ కూర్పు, లోనికి వచ్చువారి రాకపోకలను చిట్టాలో వ్రాసికొనుచు, వారి పాస్‌వర్డులను కూడ విసరకయే వ్రాసిపెట్టినది. దీనిని ఒక వాడుకరి తన చిట్టాను చూచుచు గమనించెను. అదే సంవత్సరము జూలైలో 5.2.0 కూర్పుతో దోషమును సవరించిరి. ఆ చిట్టాను చూడగలవారు సైటు అధికారులే యైనను, ఒకని పాస్‌వర్డును మరియొకడు చదువగలుగుట ఎంతమాత్రమును తగదు.

"వెబ్‌సైటు నడపువారి గొడవ మాకేల?" అని కొందరు గృహస్థులకు తోచవచ్చును. ఏలనో చూతము. ఒక గృహిణి పిల్లవాని బడి సైటులోను, చీరల దుకాణము సైటులోను, తన ఈమెయిలునకును ఒకే పాస్‌వర్డును పెట్టుకొన్నదనుకొందము. చీరల దుకాణమువారి చిట్టాలో ఆ మాట పచ్చిగా పడియుండి, అది పరుల కంటబడినచో, ఆమెకు నష్టము చీరలతో పోదు. ఈమెయిలు చేజిక్కినవాడు "పాస్‌వర్డు మరచితిని" అను బొత్తామును నొక్కి మిగిలిన తలుపులను ఒక్కొక్కటిగా తెరచుకొనును. ఆమె చేసిన తప్పు మూడు ఇండ్లకు ఒకే తాళపుచెవిని వాడుటయే. దుకాణమువారు చేసిన తప్పు ఆమెకు ఎన్నడును తెలియకయే పోవచ్చును.

కావున రెండు పక్షములకును కొన్ని కర్తవ్యములు కలవు. సైటు నడపువారు ప్లగిన్ల కొత్త కూర్పులను ఆలసింపక వేసికొనవలెను. 2020 ఆగస్టులో వచ్చిన 5.5 కూర్పు మొదలు, ప్లగిన్లు తమంతట తామే నవీకరణ పొందు ఏర్పాటు వర్డ్‌ప్రెస్‌లోనే కలదు. వాడుకలేని ప్లగిన్‌ను ఆపివేయుట చాలదు, తొలగింపవలెను. దోషము బయటపడినప్పుడు పాస్‌వర్డులను మార్చి, అధికారుల పట్టికలో అపరిచితులెవరైన చేరిరేమో పరిశీలింపవలెను. మన దేశమున సైబరు భద్రతను చూచు సెర్ట్-ఇన్ సంస్థ 2022 ఏప్రిల్‌లో జారీచేసిన ఆదేశముల ప్రకారము, ఇట్టి ఘటనలను సంస్థలు తాము గుర్తించిన 6 గంటలలోపల తెలియజేయవలెను. పరువునకు వెరచి దాచుట వలన నష్టపోవునది నమ్మి వచ్చినవారే.

ఇక మనము చేయవలసినది స్వల్పమే. ముఖ్యముగా ఈమెయిలునకును, బ్యాంకునకును ఉన్న పాస్‌వర్డు మరెచ్చటను వాడరాదు. గుర్తుండవని భయపడువారు పుస్తకములో వ్రాసి బీరువాలో పెట్టి తాళము వేసికొనుట, అన్నిటికిని ఒకే మాటను పెట్టుకొనుటకంటె మేలు. ఫోనునకు సంకేతము వచ్చు రెండవ పరీక్షను పెట్టుకొన వీలున్నచోట పెట్టుకొనవలెను. ఆ సంకేతమును ఎవరడిగినను చెప్పరాదు. ఏదైన సైటువారు "మా వద్ద దోషము కలిగినది, పాస్‌వర్డు మార్చుకొనుడు" అని తెలిపినచో, ఆ ఉత్తరములోని లంకెను నొక్కక, సైటునకు స్వయముగా పోయి నాడే మార్చుకొనవలెను.

తప్పు చేయని సాఫ్ట్‌వేర్ ఇంతవరకు పుట్టలేదు. ఇకమీద పుట్టునని చెప్పుటకును మేము సాహసింపము. కాని తప్పు తెలిసిన దినమున మనము చేయు పని మన చేతిలోనిదే. ఒకసారి పరుల కంటబడిన రహస్యము మరల రహస్యము కాజాలదు. దానిని మార్చుకొనుట ఒక్కటియే ఉపాయము.