సభాభవనములు, హోటళ్లు - ప్రకృతి రక్షణ

ఒక పెండ్లికిగాని సభకుగాని వేయిమంది ఒక్క కప్పు క్రింద చేరినచో, ఆనాటికి అచట ఒక చిన్న గ్రామము వెలసినట్లే. వారందరికి నీరు కావలెను, అన్నము కావలెను, దీపములు, పంకాలు కావలెను. కాని ఒక భేదము కలదు. గ్రామస్థుని బావి యెండినచో బాధ అతనిదే. అతిథి మరునాడు తన ఊరికి వెడలిపోవును. అతడు విడిచిన చెత్తయు, నీటి కొరతయు స్థానికులకు మిగులును. కావుననే నేడు పట్టణములందలి పెద్ద సభాభవనములు, హోటళ్లు ప్రకృతికి హాని తగ్గించు మార్గములను వెదకుచున్నవి.

హైదరాబాదునందు 2006లో అంతర్జాతీయ సమావేశ కేంద్రము వెలసినది. 2012 అక్టోబరు 8 నుండి 19 వరకు జీవవైవిధ్య ఒడంబడికకు చెందిన 11వ మహాసభ అచ్చటనే జరిగినది. ప్రాణికోటిని కాపాడుటకై నానాదేశముల ప్రతినిధులు కూడిన సభ యది. అట్టి సభయే నీటిని, అన్నమును వృథా చేసినచో దాని తీర్మానములకు విలువ యేమి?

ఆ ప్రాంతముననే సొరాబ్జీ గోద్రెజ్ హరిత వాణిజ్య కేంద్రము కలదు. 2004 జూలై 14న నాటి రాష్ట్రపతి అబ్దుల్ కలాముగారు దీనిని ప్రారంభించిరి. పర్యావరణ హిత భవనములకిచ్చు 'లీడ్' ప్లాటినము శ్రేణిని అమెరికా వెలుపల తొలిసారిగా పొందిన భవనమిది. దీనికి రెండు గాలిగోపురములు కలవు. బయటి వేడిగాలి వాని గుండా దిగుచు, తడి తగిలి చల్లబడి, శీతలయంత్రములకు చేరును. యంత్రములకు శ్రమ తగ్గును, విద్యుత్తు మిగులును. మన ఇంటి మట్టికుండ నీటిని చల్లబరచుటయు ఈ సూత్రము చేతనే. పైకప్పుపై పెంచిన పచ్చిక ఎండవేడిమిని అడ్డగించును. వాడిన నీరు రెల్లుజాతి మొక్కల వేళ్లగుండా పారి శుభ్రపడి, తోటకు పనికివచ్చును. మురుగు బయటికి పోదు.

హోటళ్లలో పాటించు పద్ధతులు మరికొన్ని కలవు. అతిథి కోరిననే తప్ప తువాళ్లను ప్రతిదినము ఉతుకరు. నీరు, సబ్బు మిగులును. గది విడిచినంతనే దీపములు ఆరిపోవు ఏర్పాటుండును. కుళాయి మూతికి చిన్న జల్లెడ బిగించినచో గాలి కలిసిన ధార తక్కువ నీటితోనే చేతులు కడుగును. ప్లాస్టిక్ సీసాలకు బదులు గాజుసీసాలను మరల మరల నింపుదురు. వీనిలో పెక్కింటికి వ్యయము స్వల్పము; శ్రద్ధయే ముఖ్యము.

ఇవి మహానగరముల విషయములని మనము తలపరాదు. మన బళ్లారి సీమకు వర్షము తక్కువ, తుంగభద్రయే ఆధారము. 2024 ఆగస్టు 10 రాత్రి ఆనకట్ట 19వ గేటు కొట్టుకొనిపోయి, నిలువ నీరు నదిపాలగుచుండగా రైతులు పడిన ఆందోళన మీ తల్లిదండ్రులకు తెలియును. అయితే విందులలో మనమే తెరచు గేటు ఒకటి కలదు. లెక్క చూడుడు. ఒక కిలో వడ్లు పండుటకు సగటున 2,500 లీటర్ల నీరు కావలెను. వేయిమంది అతిథులలో ఒక్కొక్కరు 50 గ్రాముల బియ్యపు అన్నము విస్తరిలో విడిచిరనుకొనుడు. 50 కిలోల బియ్యము పోయినది. దానితో 1,25,000 లీటర్లకు తక్కువ కాని నీరు పోయినది!

ఇక రెండవ లెక్క. ఒక చదరపు మీటరు స్థలమున ఒక మిల్లీమీటరు వాన పడినచో ఒక లీటరు నీరగును. 500 చదరపు మీటర్ల కప్పుగల కల్యాణమంటపముపై ఏడాదికి 500 మిల్లీమీటర్ల వాన కురిసినచో 2,50,000 లీటర్లు. అయిదవ వంతు పోయినను 2,00,000 లీటర్లను తొట్టిలో నిలుపవచ్చును, లేదా గుంత ద్వారా భూమిలో ఇంకింపవచ్చును.

మూడవది చెత్త. ప్లాస్టిక్ పళ్లెములను, లోటాలను మన రాష్ట్రము 2016లోనే నిషేధించినది. విస్తళ్లు, కూరగాయల తొక్కలు వేరుగా, సీసాలు, కాగితములు వేరుగా ఉంచినచో మొదటిది ఎరువగును, రెండవది మరల పనికివచ్చును. రెండును కలిసినచో ఏదియు పనికిరాదు.

ఈ పొదుపు మనకు క్రొత్తదియు కాదు. 2021లో మన జిల్లానుండి వేరుపడిన విజయనగర జిల్లాలోని హంపీకి పోయినవారు, నీటికాలువ కిరుప్రక్కల వరుసగా నున్న రాతిపలకలను చూచియుందురు. వానిపై పళ్లెముల, గిన్నెల ఆకృతులు చెక్కియున్నవి. ఆ స్థలమును భోజనశాల యందురు. అరిటాకు, మోదుగాకు విస్తరి మన పెద్దలకు నిత్యవ్యవహారమే. తినిన పిదప అవి మన్నులో కలిసిపోవును.

బాలబాలికలారా! తెలుగువారి పెండ్లియైనను, కన్నడిగుల పెండ్లియైనను ఊరిలోని మంటపమొక్కటే, త్రాగు నది యొక్కటే. ఈసారి విందునకు పోయినప్పుడు కావలసినంతయే వడ్డింపుమని అడుగుడు. కారుచున్న కుళాయిని కట్టివేయుడు. తల్లిదండ్రులు మంటపమును కుదుర్చుకొను సమయమున అద్దెతోపాటు, వాననీటి తొట్టి కలదా, చెత్తను వేరుచేయుదురా యని కూడ అడుగవలెను. అడుగువారు పదిమంది యైననాడు యజమాని తానే ఆ యేర్పాటు చేయును.