నాడి వేరు, రక్తపోటు వేరు

నాడి బాగుంటే బీపీ కూడా బాగున్నట్టేనన్న నమ్మకం చాలా ఇళ్లలో ఉంది. గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటుందో నాడి చెబితే, రక్తం ధమనుల గోడలపై ఎంత ఒత్తిడి తెస్తోందో రక్తపోటు చెబుతుంది కనుక, నాడి 72 ఉన్నవారికి పై అంకె 170 ఉండటంలో వింతేమీ లేదు. ఆ 72 కూడా అందరికీ ఒకే కొలత కాదు. విశ్రాంతిలో 60 నుంచి 100 వరకు మామూలే, వ్యాయామం అలవాటైనవారికి 50 ఉన్నా, కళ్లు తిరగడం వంటి ఇబ్బంది లేకపోతే కంగారు అక్కర్లేదు.

వయసుకు నూరు కలిపితే వచ్చేదే తగిన బీపీ అన్న పాత లెక్క ఇంతకంటే ప్రమాదకరం, ఎందుకంటే దాని ప్రకారం 65 ఏళ్లవారికి 165 సహజమైపోతుంది. గుండె ముడుచుకున్నప్పటి పీడనమైన సిస్టోలిక్, సడలినప్పటి డయాస్టోలిక్ క్లినిక్‌లో మళ్లీ మళ్లీ 140/90కి చేరితే, ఇంట్లో అయితే సగటున 135/85కి చేరితే, దాన్ని సింగపూర్ వైద్యులు అధిక రక్తపోటుగానే లెక్కిస్తారు. తలనొప్పి లేదు కనుక బీపీ లేదనుకోవడమూ పొరపాటే. 2021–22 జాతీయ సర్వేలో అక్కడి వయోజనుల్లో 37 శాతం మందికి అధిక రక్తపోటు ఉన్నట్టు తేలింది, వారిలో చాలామందికి ఏ బాధా తెలిసి ఉండదు.

అలాగని ఒక్క కొలతకే రోగి ముద్ర వేయకూడదు. ఎమ్మార్టీ రైలు దిగి, మెట్లెక్కి, పాలీక్లినిక్‌కు వచ్చీ రాగానే కాలు మీద కాలు వేసుకుని, ఫోన్‌లో మాట్లాడుతూ, చొక్కా చేతి మీదే పట్టీ చుట్టించుకుంటే అంకె నమ్మదగ్గది కాదు. అయిదు నిమిషాలు నిశ్శబ్దంగా కూర్చుని, మూత్రం ఆపుకోకుండా, వీపు ఆనించి, పాదాలు నేలపై ఉంచి, చేతిని గుండె ఎత్తులో ఆనించి, ఒకటి రెండు నిమిషాల తేడాతో రెండుసార్లు కొలవాలి. పట్టీ చిన్నదైతే అంకె ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది.

బీపీ అదుపులోకి రాగానే మాత్ర మానేసేవారు, అది అదుపులో ఉన్నది ఆ మాత్ర వల్లేనన్న సంగతి మరిచిపోతారు. ఉప్పు విషయంలోనూ కూరలో తగ్గించామన్న తృప్తి చాలదు: 2022 పోషకాహార సర్వే ప్రకారం సింగపూర్ వాసులు రోజుకు సగటున 3,620 మి.గ్రా. సోడియం తింటున్నారు, హద్దు 2,000. హాకర్ సెంటర్ నూడుల్స్ గిన్నెలో మిగిలే రసం, ఇంట్లో ఆవకాయ, అప్పడం ఆ లెక్కలోకే వస్తాయి. సోడియం తగ్గించి పొటాషియం కలిపిన ఉప్పు కొందరికి మేలే గానీ, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు వైద్యుణ్ణి అడగకుండా దాన్ని వాడకూడదు.