రైలు చిన్నదైంది, దుమ్ము చిన్నదవలేదు

ఇటు వచ్చి కూర్చోండర్రా, ఆ బొమ్మరైలు సంగతేదో తేల్చేద్దాం. పొద్దుటినుంచీ మీ గొడవ వింటూనే ఉన్నాను. పెట్టెలోంచి తీసిన కొత్తలో గిరగిరా తిరిగిందట. ఇప్పుడు మూడడుగులు పోయి ఆగిపోతోందట. వేలితో నెడితే మళ్ళీ కదులుతోందట. ఇంజను పోయిందని ఒకడు, ట్రాన్స్‌ఫార్మరు కాలిందని ఇంకొకడు. ఆ స్క్రూడ్రైవరు ఎవరి చేతిలో ఉందో ముందు నాకు ఇచ్చెయ్యండి. నెడితే నడుస్తోందంటే ఇంజనులో ప్రాణం ఉన్నట్టే కదా. పాపం దానికి కరెంటు అందడం లేదు. మనం చూడాల్సింది పట్టాల్ని.

ముందు దీని కొలత తెలుసుకుందాం, ఆ తర్వాత దీని రోగాలు వాటంతటవే తెలుస్తాయి. రెండు పట్టాల మధ్య దూరం 9 మిల్లీమీటర్లు. ఎన్ గేజ్ అంటారు. అసలు రైలుని 160 వంతులు చేస్తే అందులో ఒక్క వంతు ఇది. జర్మనీలో న్యూరెంబర్గ్ అనే ఊరుంది, బొమ్మలకి పెట్టింది పేరు. అక్కడి ఆర్నాల్డ్ కంపెనీ 1960ల మొదట్లో ఈ సైజుని జనంలోకి తెచ్చింది. అంతకుముందు నుంచీ ఉన్నది హెచ్‌ఓ. అది 87లో ఒక వంతు, పట్టాల మధ్య 16.5 మిల్లీమీటర్లు. ఇంకా వెనక్కి వెళితే, 1891లో లైప్‌జిగ్ సంతలో మెర్క్లిన్ అనే మరో జర్మన్ కంపెనీ బొమ్మ పట్టాలకి ఒక కొలతంటూ పెట్టి చూపించింది. ఈ పుట్టినరోజుకి కొన్న పట్టాలకి వచ్చే పుట్టినరోజుకి ఇంకో నాలుగు ముక్కలు తగిలించుకోవచ్చన్నమాట. పిల్లలకి ఆనందం, కంపెనీకి లాభం, తండ్రి జేబుకి చిల్లు!

ఇప్పుడు లెక్కలు కట్టండి. మన పాత నీలం బోగీ పొడవు 21 మీటర్ల పైచిలుకు. 160తో భాగిస్తే 13 సెంటీమీటర్లు. ఇరవై నాలుగు బోగీల ఎక్స్‌ప్రెస్సు కావాలంటే మూడు మీటర్ల పైనే, మన వరండా చాలదు. రాజమండ్రిలో గోదావరి మీద 1900లో రైళ్ళు నడవడం మొదలైన పాత హేవ్‌లాక్ వంతెన ఉంది కదా, అది సుమారు 2.7 కిలోమీటర్లు. బొమ్మగా కట్టినా 17 మీటర్లు కావాలి, వంటింట్లోంచి మొదలుపెడితే వీధి గుమ్మం దాటి రోడ్డెక్కుతుంది. ఇంకో తమాషా చెబుతాను. చాలా దేశాల్లో పట్టాల మధ్య దూరం 1435 మిల్లీమీటర్లు. దాన్ని 160తో భాగిస్తే తొమ్మిదికి కాస్త తక్కువ. మన బ్రాడ్‌గేజ్ 1676. లెక్క ప్రకారం మన బొమ్మకి పదిన్నర మిల్లీమీటర్లు ఉండాలి. అంచేత మన రైళ్ళ బొమ్మలు ఈ పట్టాల మీద కాళ్ళు కాస్త దగ్గరగా పెట్టుకుని నడవాల్సిందే.

పొడవు 160లో ఒక వంతైంది, సరే. మరి బరువు? పొడవూ తగ్గింది, వెడల్పూ తగ్గింది, ఎత్తూ తగ్గింది. 160ని మూడుసార్లు గుణించండి. 40,96,000 వస్తుంది. మన వ్యాప్-7 ఎలక్ట్రిక్ ఇంజను 123 టన్నులు. నలభై లక్షల తొంభై ఆరు వేలతో భాగిస్తే మిగిలేది 30 గ్రాములు! లోపల లోహపు ముద్దలు కూరి బరువు పెంచుతారనుకోండి, అయినా తేలికే. అసలు ఇంజను చక్రం కింద పడితే రాయైనా పిండైపోతుంది. ఈ బొమ్మ చక్రం కింద ఏదైనా పడితే చక్రమే దాని మీదికెక్కి కూర్చుంటుంది. కూర్చుందా, ఇక పట్టాకీ చక్రానికీ మధ్య కరెంటు దారి తెగినట్టే.

అసలు కిటుకు ఇక్కడుంది చూడండి. రైలుని చిన్నది చేశాం, పట్టాల్ని చిన్నవి చేశాం. దుమ్ముని ఎవరైనా చిన్నది చేశారా? మీ అమ్మమ్మ తల వెంట్రుక ఒకటి పట్టా మీద పడిందనుకోండి. అది మిల్లీమీటరులో పద్నాలుగో వంతు మందం ఉంటుంది. బొమ్మ లోకంలో ఉన్నవాళ్ళకి అది సెంటీమీటరు దాటిన మోకు! దిండులోంచి ఎగిరిన దూది పోగైనా, పిల్లి బొచ్చైనా ఇరుసుకి చుట్టుకుందంటే చక్రం బిగుసుకుపోతుంది.

దుమ్ముతో పాటు ఇంకో శత్రువు కూడా ఉంది. చక్రం కాస్త ఎగిరిన ప్రతిసారీ కంటికి కనిపించీ కనిపించనంత మెరుపు వస్తుంది. చీకట్లో నడిపి చూడండి, నీలంగా చిటచిటలాడుతుంది. ఆ మెరుపు వేడికి జిడ్డూ దుమ్మూ మాడి పట్టా మీద నల్లటి పొర కడుతుంది. ఆ మసి ఉన్నచోట చక్రానికి పట్టా సరిగా అంటదు కాబట్టి ఇంకా ఎక్కువ మెరుపులు, దాంతో ఇంకాస్త మసి. తెల్లగుడ్డ వేలికి చుట్టి పట్టా మీద రాయండి. చూశారా ఎంత నలుపొచ్చిందో!

వదిలించడానికి మందుల షాపులో ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అని స్పిరిట్ దొరుకుతుంది. గుడ్డ మీద రెండు చుక్కలు వేసి తుడవండి. తడి పూర్తిగా ఆరేదాకా కరెంటు పెట్టొద్దు, అది భగ్గున అంటుకునే సరుకు. కిటికీలు తీసి ఉంచండి, పెద్దవాళ్ళెవరైనా పక్కనుండాలి. పట్టాలతో పాటు చక్రాలూ తుడవాలి సుమా, లేకపోతే చక్రాల మసి గంటలో మళ్ళీ పట్టాలకెక్కుతుంది. ఇసుక కాగితం పెట్టి గీకుదామని ఎవడికైనా బుద్ధి పుడితే మానుకోండి. గీకిన మొదటి పూట తళతళలాడుతుంది. ఆ గీతల్లోనే రేపటి మసి చేరి కూర్చుంటుంది, మరి కదలదు. కొబ్బరినూనె అసలే వద్దు.

అన్నట్టు ఈ పట్టాలు దేంతో చేశారో తెలుసా? పూజగదిలో ఉన్న ఆ జర్మన్ సిల్వర్ పళ్ళెం పట్టుకురా అమ్మలూ. ఇందులో రవ్వంత వెండి లేదు. రాగి, నికెల్, జింకు కలిపిన లోహానికి ఆ పేరు. మంచి బొమ్మ పట్టాలు ఈ లోహంతోనే చేస్తారు. పాతకాలం బొమ్మ పట్టాలు ఇత్తడివి. ఇత్తడి చెంబు చింతపండుతో తోమకపోతే ఎలా నల్లబడుతుందో మీకు తెలుసు. పట్టా అలా నల్లబడితే కరెంటు పారదు. జర్మన్ సిల్వర్ కూడా మాసిపోతుంది గానీ అంత తొందరగా కాదు.

తుడిచాక కూడా అవతలి మూలకి వెళ్ళేసరికి నీరసపడుతోందా? అయితే అది అతుకుల జబ్బు. ముక్కకీ ముక్కకీ మధ్య సన్నటి రేకు జాయినర్లున్నాయి చూడండి, కరెంటు వాటిలోంచే దాటాలి. కాలువ చివరి పొలాల రైతుల గోడు మీరు వినే ఉంటారు. తూములన్నీ మూసి ఉన్నప్పుడు కాలువలో చివరిదాకా నీళ్ళు నిండుగా నిలబడి కనిపిస్తాయి. ఎగువ నుంచి దిగువ దాకా అందరూ తూములెత్తారా, పూడిక ఉన్నచోటల్లా పారుదల తగ్గి చివరి మడికి తడి కూడా అందదు. పట్టాల్లో కరెంటుదీ ఇదే కథ. మల్టీమీటరు పెట్టి చూస్తే చివరన కూడా 12 వోల్టులు నిక్షేపంగా చూపిస్తుంది. ఎందుకంటే మల్టీమీటరు కరెంటుని తాగీ తాగనట్టు తాగుతుంది. అదే చోట ఇంజను పెడితే గుక్కెడు కావాలి, వదులు అతుకు దగ్గర వోల్టేజి పడిపోతుంది. అందుకని మీటరు ఒక్కదాన్నే నమ్మొద్దు. 12 వోల్టుల చిన్న బల్బుకి రెండు వైర్లు తగిలించి, పట్టాల మీద ఆనిస్తూ బల్ల చుట్టూ తిరగండి. ఎక్కడ వెలుగు మందగించిందో దానికి ముందున్న అతుకే దొంగ. శాశ్వతమైన మందు ఏమిటంటే, బల్ల కింద రెండు లావు వైర్లు పొడుగునా లాగి, మీటరుకో చోట సన్న వైర్లతో పట్టాలకి టంకం వేయించడం. చివరి మడికి వేరే పిల్లకాలువ తవ్వినట్టు. ఇదంతా 12 వోల్టుల వైపే. గోడ ప్లగ్గు వైపు మాత్రం వేలు పెట్టారో, రైలు బీరువాలోకి వెళ్ళిపోతుంది.

మా చిన్నప్పుడు స్టేషను వెనక కీమాన్ ఒకాయన పొద్దున్నే సుత్తి భుజాన వేసుకుని పట్టాల వెంట నడుచుకుంటూ పోయేవాడు. పట్టాని బిగించే కీ వదులైనట్టు కనిపిస్తే ఠంగుమని ఒక్క దెబ్బ. పట్టాల్ని కలిపే ఫిష్‌ప్లేట్ల బోల్టులు చూసుకుంటూ మైళ్ళు నడిచేవాడు. మీరూ ఆ ఉద్యోగం చెయ్యండి. బల్ల అంచున గడ్డం ఆనించి, ఒక కన్ను మూసి, పట్టా వెంట చూపు పోనివ్వండి. వంకరుంటే ఇట్టే తెలిసిపోతుంది. తర్వాత గోరుతో ప్రతి అతుకూ తడమండి. గోరు తట్టుకుందా, చక్రం కూడా తట్టుకుంటుంది. అర మిల్లీమీటరు ఎత్తుపల్లమే కదా అనుకోకండి. 160తో గుణిస్తే ఎనిమిది సెంటీమీటర్ల గట్టు. నిజం రైలుమార్గంలో అంత మెట్టు కనిపిస్తే మా కీమాన్ ఎర్రజెండా పట్టుకుని పరిగెత్తేవాడు.

వానాకాలంలోనే రైలు పట్టాల మీంచి ఎక్కువ ఎందుకు పడిపోతోందని అడిగావు కదూ? శ్రావణంలో మన పెరటి తలుపు బిగుసుకుని తెరుచుకోదు, గుర్తుందా? చెక్క తేమ పీల్చి ఉబ్బుతుంది, ఎండల్లో ముడుచుకుంటుంది. పట్టాల కింది బల్లా చెక్కే. పట్టాలు వేడికి సాగేది కొంచెమే, చెక్క చేసే అల్లరే ఎక్కువ. వానల్లో బల్ల ఉబ్బితే అతుకులు ఎడమవుతాయి, ఎండల్లో ముడుచుకున్నప్పుడు పట్టా చోటు చాలక పక్కకి ఉబుకుతుంది. అందుకే అక్కడక్కడ అతుకుల్లో ఒక కార్డు ముక్క మందం ఖాళీ వదలాలి. చెక్కకి ముందే రంగు వేస్తే ఇంకా మంచిది.

మలుపుల గురించి ఒక్క మాట. రైలు చక్రాలు రెండూ ఒకే ఇరుసుకి బిగిసి ఉంటాయి, ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ తిరగలేవు. అయినా మలుపు ఎలా తిరుగుతాయి? రెండు కాగితపు కప్పులు తెచ్చి మూతికి మూతి ఆనించి టేపు వెయ్యండి, రెండు కర్రల మీద దొర్లించండి. పక్కకి జరిగినా తనంతట తనే నడిమికి వస్తుంది. రైలు చక్రమూ అలాగే లోపలి వైపు కాస్త లావు. ఈ కిటుకు పెద్ద మలుపుల్లోనే పని చేస్తుంది. మన బ్రాడ్‌గేజ్‌లో మరీ బిగువైన మలుపైనా 175 మీటర్ల వ్యాసార్ధం, అంటే బొమ్మలో మీటరు పైనే. మీ మలుపు 28 సెంటీమీటర్లు! పొడుగు బోగీలు తట్టుకోవు, పొట్టివి తగిలించండి. కుడికి తిప్పి వెంటనే ఎడమకి తిప్పకండి, మధ్యలో ఒక బోగీ పొడుగు తిన్నటి ముక్క వెయ్యండి.

ఇక చివర్లో పెట్టిన ఆ ఉరితాడు లాంటి చుట్టు ఎవరి ఆలోచన? రైలు చుట్టు తిరిగి వచ్చిన దారినే వెనక్కి పోవాలనే కదా. తెలివైన ఆలోచనే, కానీ రైలు పెట్టకుండానే ట్రాన్స్‌ఫార్మరు ఎందుకు ఠక్కున ఆగిపోతోందో చూద్దాం. గచ్చు మీద ఎర్ర సుద్దతో ఒక పట్టా, నీలం సుద్దతో ఇంకో పట్టా గియ్యండి. గీస్తూ చుట్టు తిరిగి రండి. ఆఁ, కలిసేచోట ఎరుపు ఎక్కడికొచ్చింది? నీలం నెత్తిన! ప్లస్సూ మైనస్సూ ఒకదాన్నొకటి కావలించుకున్నాయి. చుట్టుకి రెండు చివర్లా రెండు పట్టాల్నీ ప్లాస్టిక్ జాయినర్లతో తెంపెయ్యాలి. ఆ ముక్క మీ రైలు మొత్తం పట్టేంత పొడుగుండాలి. దానికి కరెంటు వేరే స్విచ్చు ద్వారా ఇవ్వాలి. రైలు చుట్టులో ఉండగా బయటి లైనుకి ప్లస్ మైనస్ తారుమారు చేస్తే, అది హాయిగా బయటికొచ్చేస్తుంది. దారి రెండుగా చీలే పాయింట్ల దగ్గరా ఇదే పేచీ. క్రాసింగ్‌లో ఒక పట్టాని ఇంకొకటి దాటాలి కాబట్టి అక్కడ ప్లాస్టిక్ ముక్క పెడతారు. పొట్టి ఇంజను నెమ్మదిగా వెళితే ఆ చచ్చుచోట ఆగిపోతుంది.

బల్ల కింద వైర్ల పని చూసి చిరాకు పడకండర్రా. అమెరికాలో ఎంఐటీ విద్యార్థులు 1946లో బొమ్మరైళ్ళ క్లబ్బు ఒకటి పెట్టుకున్నారు. పైన కొండలూ ఇళ్ళూ చేసేవాళ్ళు కొందరైతే, బల్ల కింద దూరి టెలిఫోను రిలేలతో సిగ్నళ్ళు నడిపేవాళ్ళు ఇంకొందరు. ఆ కింద దూరిన కుర్రాళ్ళే తర్వాత కంప్యూటర్ల మీద పడ్డారు. 1962లో వచ్చిన స్పేస్‌వార్ అనే తొలినాటి కంప్యూటరు ఆట రాసిన స్టీవ్ రసెల్ ఆ క్లబ్బువాడే. మీరు ఫోన్లో ఆడే ఆటల తాతగారు రైలుబల్ల కింద పుట్టాడంటే నాకు భలే సంబరం.

ఇలాంటి బల్లలు పెద్ద ఎత్తున చూడాలని ఉందా? జర్మనీలోని హాంబుర్గ్‌లో 2001లో తెరిచిన మినియేచర్ వండర్‌లాండ్‌లో బొమ్మ పట్టాలే 15 కిలోమీటర్ల పైన ఉన్నాయి. అంత దూరం వెళ్ళక్కర్లేదు. పుణెలో కోత్రూడ్ పేటలో బి.ఎస్. జోషి 1998లో బొమ్మరైళ్ళ మ్యూజియం తెరిచారు. అక్కడిది హెచ్‌ఓ సైజు. ఈసారి సెలవుల్లో అటు వెళితే ఊరికే నోరు తెరుచుకుని చూసి రాకండి. నడిపేవాళ్ళ దగ్గరికి వెళ్ళి, పట్టాలు దేంతో తుడుస్తారో, ఎన్నాళ్ళకోసారి తుడుస్తారో అడిగి రండి.