ఆరిన సెల్లు

గడచిన దసరా సెలవులకు హైదరాబాదునుండి భిలాయిలోని కోహ్కాలో గల మా యింటికి వచ్చిన మా అబ్బాయి, అటకపైనుండి దింపిన యినుపపెట్టెలో తన చిన్ననాటి పుస్తకముల యడుగున, పాత తుండుగుడ్డలో చుట్టిపెట్టిన గేమ్ బాయ్ కలర్ అను చేతియాట యంత్రమును, దాని వీపున అమర్చియున్న పోకేమాన్ గోల్డ్ అను పసిడివన్నె బిళ్లను చూచి, ముప్పది యేండ్లు దాటినవాడయ్యును బడిపిల్లవానివలె కేకవేసెను. 2001 వేసవిలో అమెరికానుండి వచ్చిన వాని మేనమామ తెచ్చియిచ్చిన యాట యది. అప్పటికి వానికి ఏడేండ్లు. రెండు పెన్సిలు సెల్లులు వేసి మీట జరుపగానే యంత్రము మేల్కొని తన సన్నని సంగీతమును వినిపించినది గాని, విడిచినచోటినుండి ఆటను కొనసాగించుటకు తెరపై ఉండవలసిన వరుస మాత్రము లేదు. క్రొత్తగా మొదలుపెట్టుడను వరుసయే యున్నది.

"అంతా పోయింది నాన్నా" అని వాడు యంత్రమును నా చేతిలో పెట్టెను.

ఆ పోయినదేమి, అది యెక్కడ నుండెను, ఎట్లు పోయెను అను ప్రశ్నలు నన్ను కొన్నాళ్లు వదలలేదు. పెట్టెలోనున్న వస్తువు పెట్టెలోనే యున్నది. బిళ్ల పగులలేదు, తడియలేదు, ఎలుకలు కొరుకలేదు. అయినను రెండేండ్ల బాల్యశ్రమ దానిలోనుండి అదృశ్యమైనది.

జపానువారు పెంచి పెద్దచేసిన యీ జాతి యాటలలో ఆటగాడు ఒక పాత్రను ధరించి, ఊరూర తిరిగి, ఎదిరులతో పోరాడి, కొంచెము కొంచెముగా బలము కూడబెట్టుకొనుచు మాసములకొలది సాగిపోవును. ఒక పూటలో ముగియు ఆటకు జ్ఞాపకముతో పనిలేదు; మాసములు సాగు ఆటకు అదియే ప్రాణము. 1986లో ఎనిక్స్ సంస్థ వెలువరించిన, యూజీ హోరీ రూపకల్పన చేసిన డ్రాగన్ క్వెస్ట్‌లో ఈ చిక్కునకు విచిత్రమైన పరిష్కారము కలదు: ఆట చాలించునప్పుడు యంత్రము ఇరువది జపాను అక్షరముల మంత్రమొకటి చెప్పును, బాలుడు దానిని కాగితముపై వ్రాసికొని, మరునాడు తిరిగి అప్పగింపవలెను. మరుసటి యేటి రెండవ భాగములో ఆ మంత్రము ఏబదిరెండక్షరముల వరకు పెరిగెను. ఒక్క యక్షరము తప్పినచో ప్రయాణమంతయు గంగపాలే. వేదపాఠమునకు ఘనజటలను కల్పించిన పూర్వులు ఈ అవస్థను చూచియుండిన, చిరునవ్వు నవ్వియుందురు. 1988లో వచ్చిన మూడవ భాగముతో ఆ శ్రేణిలో మంత్రము పోయి, బిళ్లలోపలనే జ్ఞాపకమును కాపాడు బ్యాటరీ వచ్చినది.

భిలాయిలో బ్యాటరీ యన్నచో, ముఖ్యముగా నావలె ఇచ్చటి ఉక్కు కర్మాగారపు కోకోవెన్ విభాగములో ఉద్యోగజీవితమును వెళ్లబుచ్చినవానికి, మొదట స్ఫురించునది సెల్లు కాదు; సిలికా యిటుకలతో కట్టిన ఎత్తైన సన్నని గదుల వరుస. గాలి సోకనీయక బొగ్గును వేయి డిగ్రీలకు పైబడిన వేడిలో గంటలకొలది కాల్చి కోకుగా మార్చు ఆ గదుల వరుసకే కర్మాగారమున బ్యాటరీ యని పేరు. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ గారు ఇచ్చటి మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించిననాటినుండి దానికి మేత ఆ కోకే. ఆ బ్యాటరీని ఒకసారి వెలిగించిన పిమ్మట, దాని ఆయువు తీరువరకు, దశాబ్దములపాటు, చల్లారనీయరాదు. పండుగ యనక, సెలవనక వేడి నిలుపుచుండవలసినదే. ఏలయన సిలికా యిటుక చల్లారునప్పుడు దాని లోపలి స్ఫటికనిర్మాణము మారి, పరిమాణము మారి, గోడ బీటలు వారును. తిరిగి వెలిగించినను అది మునుపటి గోడ కాదు. మా అబ్బాయి బిళ్లలో జరిగినది సరిగా ఇదియే.

బిళ్లలో రెండు విధములైన జ్ఞాపకములు కలవు. ఆటయొక్క ఊళ్లు, అడవులు, 251 ప్రాణుల రూపములు మొదలైనవన్నియు కర్మాగారమునందే శాశ్వతముగా ముద్రింపబడినవి. వానికి విద్యుత్తుతో పనిలేదు. ఆటగాని పేరు, వాడు పట్టిన ప్రాణులు, నడచిన దూరము మొదలైనవి మాత్రము స్థిర ర్యామ్ అను వేరొక చిప్పులో నుండును. పేరు స్థిరమేగాని గుణము అస్థిరము. అందలి ఒక్కొక్క బిట్టు నాలుగు గాని ఆరు గాని ట్రాన్సిస్టర్ల గూడు. ఆ గూటిలో రెండు చిన్న వలయములు, రాత్రికాపు కాయు ఇరువురు తలారులు ఒకరినొకరు తట్టి లేపుకొనుచున్నట్లు, ఒకదాని స్థితిని మరియొకటి నిలబెట్టుచుండును. ఒకడు మేలుకొని యున్నంతకాలము రెండవవాడు నిద్రింపడు. కాని ఇరువురికిని బత్తెము ముట్టుచుండవలెను. ఆ బత్తెమే విద్యుత్తు. అది నిలిచిన మరుక్షణమున ఇరువురును ఒరిగిపోవుదురు, వారు కాచుచున్న సంగతి వారితోనే పోవును. ఆట నడచుచున్నంతసేపు పెన్సిలు సెల్లులు ఆ బత్తెము నిచ్చును. మీట కట్టిన పిదప ఆ భారము బిళ్లలో అతికియున్న బొత్తామంతటి లిథియము సెల్లుపై పడును.

ఈ సెల్లు పీడనము 3 వోల్టులు. నిలువ సుమారు 160 మిల్లీ ఆంపియర్ గంటలు. బిళ్ల నిద్రలో 2 మైక్రో ఆంపియర్ల చొప్పున ఖర్చుచేయుచున్నదనుకొందము. భాగించి చూచిన 80,000 గంటలు, అనగా తొమ్మిదేండ్ల పైమాట. ఖర్చు సగమైనచో ఆయువు రెట్టింపగును, రెట్టింపైనచో సగమగును. దీనికితోడు ఏ పనియు చేయకున్నను సెల్లు లోలోపల కొంత క్షీణించుచునే యుండును. వేడి ఎక్కువైనకొలది ఆ రసాయనక్షయము త్వరపడును. మే నెలలో కోహ్కా యిండ్ల కప్పుక్రింద అటకపై యినుపపెట్టె యెట్లుండునో భిలాయివారికి వేరుగా చెప్పనక్కరలేదు.

అయితే ఇదే సెల్లుపై రెండవ సంసారము కూడ ఉన్నది. 1999 నవంబరు 21న జపానులో విడుదలైన ఈ యాటకు ముందటి పోకేమాన్ ఆటలలో లేని విశేషము, దీనిలోని గడియారము. బయట రాత్రియైనచో ఆటలోను రాత్రియగును. ఉదయము నాలుగు గంటలకు వేకువ, పదింటికి పగలు, సాయంత్రము ఆరింటికి చీకటి. కొన్ని ప్రాణులు రాత్రియే కానవచ్చును. పురుగులు పట్టు పోటీ మంగళ, గురు, శనివారములందే జరుగును. నేను రాత్రి షిఫ్టు ముగించుకొని ఆరుగంటలు దాటిన పిదప ఇల్లు చేరునప్పటికి వీడు కిటికీ ప్రక్క గోడకానుకొని, ఆ తెరకు సొంతవెలుగు లేదు గనుక తూర్పు వెలుతురును దానిపైకి వంచుకొనుచు కూర్చుండియుండెడివాడు. "వేకువ పురుగులు నాన్నా" అనెడివాడు. వారముల పేర్లు వానికి బడికన్న ముందు ఆ యాటలోని గుహలు నేర్పెనని మా ఇంటిలో నేటికిని చెప్పుకొందురు.

యంత్రము నిద్రించుచున్నప్పుడు కాలమును లెక్కించునది స్ఫటికము. 1880లో పియరీ, జాక్ క్యూరీ సోదరులు కనుగొన్న ధర్మము ప్రకారము క్వార్ట్జ్ స్ఫటికమును నొక్కిన విద్యుత్తు పుట్టును. విద్యుత్తు నిచ్చిన అది తిరిగి వంగును. శ్రుతిదండమువలె చెక్కిన చిన్న స్ఫటికపు తునక సెకనుకు 32,768 మారులు కంపించును. ఆ సంఖ్యను రెంటిచే పదునైదుమారులు భాగించిన సరిగా ఒకటి వచ్చును. కనుక సగము చేయు వలయములను పదునైదింటిని వరుసగా కూర్చినచో తుదను సెకను చేతికందును. ఇట్టి గడియారమునే మణికట్టునకు కట్టించినవారు కూడ జపానువారే: 1969 డిసెంబరు 25న విడుదలైన సీకో ఆస్ట్రాన్‌లో స్ఫటికము సెకనుకు 8,192 మారులు కంపించెడిది. బిళ్లలోని గడియారము 511 దినములవరకు లెక్కించి, ఆపై పొర్లినదని ఒక గుర్తు పెట్టుకొని, మరల సున్నతో మొదలుపెట్టును. ఈ విరామమెరుగని కంపనమునకును మూల్యము ఆ సెల్లే చెల్లింపవలెను.

ఇచట నాకు కుతూహలము కలిగించిన ముచ్చట యొకటి. స్ఫటికము కంపించునది 32,768 మారులు. ఆటగాని సంగతులు దాచు చిప్పులోని బైట్లు 32,768. ఆ యంత్రము చూపగల రంగుల సంఖ్యయు 32,768. రెంటినే హెచ్చించుచు పోవు విద్యలో ఇట్టి సంఖ్యలు ఎదురగుట వింతగాదు గాని, ఒకే అరచేతిలో మూడును ఒకచోటనే ఎదురగుట మాత్రము శుద్ధముగా కాకతాళీయము. దానికి నేనేమియు అర్థము కల్పింపబోను.

2002లో జపానులో వచ్చిన తరువాతి తరపు పోకేమాన్ ఆటలు సంగతులను ఫ్లాష్ జ్ఞాపికలో దాచినవి. తోషిబాలో పనిచేసిన ఫుజియో మసువోకా కనిపెట్టిన ఈ విధానములో ఎలక్ట్రానులు విద్యుద్బంధక పొరల నడుమ బందీలై, బత్తెములేకయే యేండ్లు నిలుచును. అందు సెల్లు గడియారమునకు మాత్రమే. అది ఆరినను కథ పోదు, కాలము నిలిచిపోవును.

మనిషి జ్ఞాపకమెట్టిది? మా వాడు క్రొత్తగా ఆట మొదలుపెట్టి, నీడవలె చిన్నగా కదలు ఒక్కొక్క బొమ్మను చూచిన క్షణముననే పేరు చెప్పుచుండగా నేను విస్తుపోయితిని. తన మూడవ తరగతి ఉపాధ్యాయుని పేరు వానికి జ్ఞప్తికి రాలేదు. శుక్రవారమునాడు ఏ గుహలో లాప్రాస్ అను ప్రాణి కనబడునో మాత్రము తడుముకొనకుండ చెప్పినాడు. 2019లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమునకు చెందిన జెస్సీ గోమెజ్, మైఖేల్ బార్నెట్, కలానిట్ గ్రిల్ స్పెక్టర్‌లు ప్రకటించిన పరిశోధన సరిగా ఇట్టివారిని గూర్చినదే. బాల్యమున పోకేమాన్ ఆటలో మునిగితేలిన పదునొకండుగురను, ఆ యాట నెరుగని పదునొకండుగురను అయస్కాంత చిత్రణయంత్రములో పరుండబెట్టి, వారికి ఆ ప్రాణుల బొమ్మలను, ముఖములను, అక్షరములను మరికొన్నిటిని చూపిరి. ఆడినవారి మెదడులో దృశ్యమును గుర్తించు భాగమున, చెవుల వెనుక వైపు గల ఒక ముడుతలో, ఈ బొమ్మలకు ప్రత్యేకముగా స్పందించు తావు కనబడెను; ఆ తావు ఇంచుమించు అందరియందును ఒక్కచోటనే యుండుట విశేషము. కారణమును వారు కంటిలో వెదకిరి. కొద్ది అంగుళముల తెరపై అంతకన్న చిన్న బొమ్మను చేయిచాచునంత దూరమున పట్టి చూచు బాలుడు ఎల్లప్పుడును చూపు నడిమధ్యముతోనే చూచును. చూపు నడుమ పడిన ప్రతిబింబములకు మెదడులో ఒక నియతస్థానము కలదు. బాల్యమున వేలమారులు అచ్చటనే పడిన బొమ్మ అచ్చటనే యిల్లు కట్టుకొన్నది. ఆ యిల్లు ఒక్క తలారిపై ఆధారపడినది కాదు. నరములు తమ అతుకులనే మార్చుకొని కట్టినది.

బిళ్లను సుపేలా సంతనాడు అచ్చటి మొబైల్ రిపేరు కుర్రవానియొద్దకు కొనిపోయితిమి. లిథియము సెల్లును నేరుగా కాల్చి అతికిన పేలవచ్చునని, ముందే రేకు కాళ్లతికిన సెల్లునే వేయవలెనని మేము చెప్పకయే వాడెరిగియుండెను. ఇంటికి వచ్చి ఆట మొదలిడగానే యంత్రము గంటలడిగినది. పిదప ఆటలోని తల్లి నేడు ఏ వారమని అడిగినది. ఆదివారమని నొక్కితిమి.

మరునాడు రైలెక్కునప్పుడు వాడు యంత్రమును నా జేబులో పెట్టి, "శుక్రవారం గుహలోకి మరిచిపోకుండా వెళ్లండి నాన్నా" అనెను. అప్పటినుండి శుక్రవారములు నాలుగు గడచినవి. నేనింకను మొదటి యూరి ప్రక్క గడ్డిలోనే తిరుగుచున్నాను.